నగదు, కార్డు, ఫోను: తిరుపతిలో రోజువారీ చెల్లింపులకు ఏది ఎక్కడ వాడాలి, ఎలా వాడాలి

తిరుపతిలో ఒక కుటుంబం ఒక్క రోజులో చేసే చెల్లింపులను వరుసగా రాసుకుని చూస్తే, తెల్లవారుజామున పాలకు ఇచ్చేది మొదలు రాత్రి మందుల అంగడిలో కట్టేది దాకా, వాటి అవసరాలు ఒక్కొక్కటీ ఒక్కో తీరుగా ఉంటాయని తెలుస్తుంది. పూలమ్మే ఆమెకు బోణీ వేళ చేతిలో పడే నోటు కావాలి. ఆసుపత్రి కౌంటరులో రసీదుకు, బ్యాంకు లెక్కకు పొంతన కుదిరే చెల్లింపు కావాలి. తిరుమలలో దర్శనం క్యూలో నిలబడినవారి దగ్గర ఫోనే ఉండదు. అందువల్ల నగదు మంచిదా, కార్డు మంచిదా అని ఒక్క మాటలో తేల్చుకోవడానికి ప్రయత్నించకండి. ప్రతి చెల్లింపుకూ ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ దారిలో ఏదైనా తప్పు జరిగితే గరిష్ఠంగా ఎంత డబ్బు పోతుంది, పోయిన దాన్ని రాబట్టుకునే వీలు ఉందా? కింద చెప్పే ఏర్పాట్లన్నీ ఈ ప్రశ్న చుట్టూ అల్లినవే.

ముందుగా ఖాతాలను విడదీయండి

ఈ వ్యాసంలో చెప్పే వాటిలో ఒక్కటి మాత్రమే చేయగలిగితే, ఇది చేయండి. జీతమో, పింఛనో, పంట డబ్బో జమ అయ్యే ఖాతాకు ఫోనులోని చెల్లింపు యాప్‌ను, అంగట్లో గీకే డెబిట్ కార్డును జోడించి ఉంచవద్దు. మనలో చాలామందికి ఉన్నది ఒకే ఖాతా. పిల్లల ఫీజు కోసం దాచిందీ, నిన్న దోశకు ఇచ్చిందీ అందులోంచే. ఫోను దొంగ చేతికి చిక్కినా, మోసగాడి మాట నమ్మి పిన్ కొట్టినా, ఆ ఒక్క తలుపు గుండా ఇల్లంతా ఖాళీ అవుతుంది.

కాబట్టి రోజువారీ ఖర్చులకు విడిగా రెండో పొదుపు ఖాతా తెరవండి. తెరిచే ముందు కనీస నిల్వ ఎంత ఉండాలో, కార్డుకు ఏడాదికి రుసుము ఎంతో బ్యాంకులో అడిగి తెలుసుకోండి. ఫోన్‌పే, గూగుల్‌పే, భీమ్ వంటి యాప్‌లలో ఏది వాడుతున్నా, అందులోంచి ప్రధాన ఖాతాను తొలగించి ఈ కొత్త ఖాతాను మాత్రమే ఉంచండి. ఆ తరువాత వారానికి ఒకసారి, మీకు గుర్తుండే ఏదో ఒక రోజున, ఆ వారం ఖర్చులకు సరిపడా మొత్తాన్ని ప్రధాన ఖాతా నుంచి నెట్ బ్యాంకింగ్ ద్వారా ఇందులోకి మార్చుకోండి. దీనివల్ల రెండో మేలు కూడా ఉంది. ఫోనుతో ఇచ్చేటప్పుడు డబ్బు చేయి దాటిపోతున్నట్టు అనిపించదు. వారం మధ్యలోనే ఖర్చుల ఖాతా అడుగంటితే మాత్రం ఎక్కడ చేయి జారిందో వెంటనే తెలిసివస్తుంది.

చిన్న చిన్న చెల్లింపులకు, ఖాతాలోంచి కొంత డబ్బును ముందే యాప్‌లో నింపుకుని వాడే యూపీఐ లైట్ అనే సదుపాయాన్ని వాడుకోవచ్చు. అందులో ఒకసారికి 1,000 రూపాయల దాకా పిన్ లేకుండా చెల్లించవచ్చు. మొత్తం నిల్వ 5,000 రూపాయలకు మించదు. ఈ చెల్లింపులు పాస్‌బుక్‌లో ఒక్కొక్కటిగా పడవు కాబట్టి, నెలాఖరున పుస్తకం ప్రింటు తీయించినప్పుడు టీ, బజ్జీ లెక్కల మధ్య అసలు లెక్కలు వెతుక్కునే బాధ తప్పుతుంది. పిన్ అక్కర్లేదు గనుక, ఫోను తెరవడానికి తాళం తప్పనిసరిగా పెట్టుకోండి.

కార్డుకు హద్దులు పెట్టండి

2020 అక్టోబరు నుంచి అమలులో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం, కార్డుకు సంబంధించిన ప్రతి వాడకాన్నీ, అంటే ఏటీఎం, అంగట్లోని స్వైపింగ్ మిషన్, ఆన్‌లైన్, విదేశీ లావాదేవీలు, తాకించి చెల్లించడం, వీటిని విడివిడిగా ఆపుకోవడానికీ తెరుచుకోవడానికీ ఒక్కోదానికి పరిమితి పెట్టుకోవడానికీ ఖాతాదారుకు హక్కు ఉంది. ఈ సదుపాయం మీ బ్యాంకు యాప్‌లో కార్డుల విభాగం కింద కనిపిస్తుంది. యాప్ వాడనివారు శాఖకు వెళ్లి అడగవచ్చు.

విదేశీ వాడకాన్ని పూర్తిగా ఆపివేయండి. ఆన్‌లైన్ వాడకాన్ని కూడా ఆపి ఉంచి, రైలు టికెట్టో బస్సు టికెట్టో తీసుకోవలసి వచ్చినప్పుడు తెరిచి, పని కాగానే మళ్లీ మూసివేయండి. ఏటీఎం పరిమితిని మీరు సాధారణంగా తీసుకునే మొత్తానికి కుదించండి. నెలకు రెండుసార్లు ఐదేసి వేలు తీసుకునేవారికి రోజుకు నలభై వేల పరిమితి దేనికి? ఇక తాకించి చెల్లించే పద్ధతిలో 5,000 రూపాయల దాకా పిన్ అడగరు. కార్డు ఎక్కడో జారిపోతే, దొరికినవారు కూడా అలాగే తాకించవచ్చు. మీకు ఆ సౌకర్యం నిజంగా అవసరం లేకపోతే దాన్ని మూసివేయడమే మంచిదని నా అభిప్రాయం. పిన్ కొట్టడానికి పట్టే నాలుగు క్షణాలు ఎవరికీ భారం కావు.

జేబులో ఎంత నగదు, ఏ నోట్లు

నగదు పోతే తిరిగి రాదు. అయినా నగదు లేకుండా ఈ ఊళ్లో రోజు గడపాలనుకోవడం సరికాదు. షేర్ ఆటోలో పది మంది ఎక్కి దిగే చోట ప్రతి ఒక్కరూ స్కాన్ చేసి, డబ్బు పడిందో లేదో చూపించే దాకా బండి ఆగలేదు. రైతు బజారులో, పల్లె నుంచి గంపతో కూరలు తెచ్చుకున్న పెద్దావిడకు కొడుకు పేరు మీద ఉన్న క్యూఆర్ కోడ్ అట్ట ఇచ్చి కూర్చోబెడతారు. డబ్బు కొడుకు ఖాతాలో పడుతుంది, ఆమె చేతికి సాయంత్రం ఎంత వస్తుందో మనకు తెలియదు. అటువంటి చోట నగదు ఇవ్వడం మర్యాద కూడా. కొన్ని అంగళ్లలో నగదు మాత్రమే ఇమ్మని అడగడానికి వేరే కారణం ఉంది. 2025 జూలైలో బెంగళూరులో యూపీఐ వసూళ్ల ఆధారంగా చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు వెళ్లినప్పుడు, అక్కడ చాలా అంగళ్ల ముందు నుంచి కోడ్ అట్టలు మాయమయ్యాయి. వ్యాపారి భయం అర్థం చేసుకోదగినదే గాని, బిల్లు అవసరమైన వస్తువు కొనేటప్పుడు మీరు బిల్లు అడగడం మానవద్దు.

ఎంత ఉంచుకోవాలన్నది ఇంటింటికీ మారుతుంది. రెండు మూడు రోజుల చిల్లర ఖర్చులకు సరిపోయేంత జేబులో, ఒక రాత్రివేళ ఆసుపత్రికి పరుగెత్తవలసి వస్తే ఆటోకు, అడ్వాన్సుకు సరిపోయేంత ఇంట్లో ఉంటే చాలు. మొత్తం కన్నా నోట్ల పొందిక ముఖ్యం. ఏటీఎం 500 నోట్లు ఇస్తుంది, పూలకొట్టు ఆమె వాటిని చూసి తల అడ్డంగా ఊపుతుంది. అందుకని పెట్రోలు బంకులోనో, పెద్ద చిల్లర అంగడిలోనో, నెల సరుకులు కొన్నప్పుడో 500 నోట్లను విడిపించుకుని, పది, ఇరవై, యాభై నోట్లను వేరే అరలో పెట్టుకోండి. పది రూపాయల నాణేన్ని చెల్లదని తిప్పి ఇచ్చే అలవాటు మన ప్రాంతంలో బలంగా ఉంది. వేర్వేరు కాలాల్లో వచ్చిన 14 రకాల నమూనాలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో స్పష్టంగా ప్రకటించింది. ఎవరూ తీసుకోకపోతే వాటిని పోగుచేసి బ్యాంకులో జమ చేయండి; బ్యాంకు శాఖ కాదనకూడదు. చిరిగిన నోట్లనూ ఏ బ్యాంకు శాఖలోనైనా మార్చుకోవచ్చు.

500 నోటు తీసుకునేటప్పుడు వంచి చూడండి: మధ్యలోని భద్రతా దారం ఆకుపచ్చ నుంచి నీలానికి మారాలి, కింద కుడి పక్కన ఉన్న 500 అంకె కూడా అలాగే రంగు మారాలి. సంత రోజున, జాతర రద్దీలో ఎవరూ చూడరనే నమ్మకంతోనే దొంగ నోట్లను దాటిస్తారు.

ఏటీఎం విషయంలో లెక్క తెలిసి ఉండాలి. సొంత బ్యాంకు ఏటీఎంలో నెలకు ఐదుసార్లు ఉచితం. ఇతర బ్యాంకుల ఏటీఎంలలో తిరుపతి, చిత్తూరు వంటి ఊళ్లలో ఐదుసార్లు, చెన్నై, బెంగళూరు, హైదరాబాదు వంటి మహానగరాల్లో మూడుసార్లు ఉచితం. ఆ తరువాత ప్రతిసారికీ 23 రూపాయల దాకా, దానిపై పన్ను, బ్యాంకు వసూలు చేసుకోవచ్చు. 2025 మే 1 నుంచి ఈ రేటు అమలులో ఉంది. ఇతర బ్యాంకు మిషన్‌లో నిల్వ చూసుకోవడం కూడా ఈ లెక్కలోకే వస్తుందని చాలామందికి తెలియదు. వైద్యానికి చెన్నై వెళ్లేవారు అక్కడ మాటిమాటికీ రెండు వేలు, మూడు వేలు తీసుకోకుండా, అవసరమైనది ఇక్కడే తీసుకుని, ఆసుపత్రి బిల్లును కార్డుతో కట్టడం మేలు.

అంగట్లో నిలబడినప్పుడు

స్కాన్ చేయగానే తెర మీద పేరు వస్తుంది. ఆ పేరును పైకి చదివి అంగడివారిని అడగండి. అంగడి అసలు కోడ్ మీద వేరొకరి కోడ్ కాగితం అంటించి డబ్బు కాజేసే మోసం ఈ ఒక్క అలవాటుతో ఆగిపోతుంది. మొత్తం సరిచూసుకున్న తరువాతే పిన్ కొట్టండి. పిన్ అన్నది డబ్బు పంపడానికి మాత్రమే. మీకు డబ్బు రావడానికి పిన్ కొట్టమని ఎవరు చెప్పినా అది మోసమే, ఆ మాట చెప్పినవారు ఎంత మర్యాదగా మాట్లాడినా సరే.

జనం కిక్కిరిసిన చోట, బ్రహ్మోత్సవాల రోజుల్లోనో గంగమ్మ జాతర వేళనో, తెర మీద చక్రం తిరుగుతూనే ఉండిపోతుంది. వెనక వరుస తొందరపెడుతోందని వెంటనే మళ్లీ చెల్లించకండి. ముందు యాప్‌లోని చరిత్రను, బ్యాంకు సందేశాన్ని చూడండి. డబ్బు మీ ఖాతాలోంచి పోయి అంగడికి చేరకపోతే, ఆ లావాదేవీకి వచ్చిన 12 అంకెల సంఖ్యను అంగడివారికి చూపించి, నగదు ఇచ్చి ముందుకు సాగండి. విఫలమైన వ్యాపార చెల్లింపు ఐదు రోజుల్లోగా తిరిగి జమ కావాలి. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున బ్యాంకు మీకు పరిహారం ఇవ్వాలి. ఏటీఎంలో నోట్లు రాకుండా ఖాతాలో తగ్గిపోయినప్పుడూ ఇదే గడువు, ఇదే పరిహారం. అడగనివారి విషయంలోనూ బ్యాంకు తనంతట తానే ఇవ్వాలన్నది 2019 సెప్టెంబరు నాటి నిబంధన, కానీ తేదీ రాసి పెట్టుకుని అడగడం మీ చేతిలో పని.

కార్డుతో కట్టేటప్పుడు కార్డును కళ్లముందు నుంచి దూరం పోనివ్వకండి. హోటల్లో బిల్లు పుస్తకంలో కార్డు పెట్టి పంపి, పిన్ నోటితో చెప్పే అలవాటు ఇంకా కనిపిస్తోంది. మిషన్‌ను బల్ల దగ్గరికి తెమ్మనండి, లేదా మీరే కౌంటరుకు వెళ్లండి. బట్టల అంగళ్లలో, నగల అంగళ్లలో "కార్డయితే రెండు శాతం అదనం" అనడం మామూలైపోయింది. డెబిట్ కార్డు మీద ఆ అదనాన్ని కొనుగోలుదారుపై వేయకుండా చూడవలసిన బాధ్యతను రిజర్వు బ్యాంకు బ్యాంకులకే అప్పగించింది. పైగా 2020 జనవరి నుంచి రూపే డెబిట్ కార్డు, యూపీఐ చెల్లింపులపై వ్యాపారి నుంచి రుసుము వసూలు చేయరు. కాబట్టి ఆ మాట వినిపించినప్పుడు, మీ దగ్గర ఉన్నది రూపే డెబిట్ కార్డయితే ఆ సంగతి నెమ్మదిగా చెప్పండి, చాలాసార్లు అక్కడితో వివాదం ముగుస్తుంది.

పెద్ద మొత్తాలు

వాషింగ్ మిషన్, బంగారం, ఆసుపత్రి బిల్లు, ఇంటి అడ్వాన్సు వంటివి నగదుగా ఇవ్వకండి. తరువాత తగాదా వస్తే ఇచ్చినట్టు రుజువు బ్యాంకు లెక్కలో ఉంటుంది. చట్టపరంగా కూడా ఒక హద్దు ఉంది: ఒకరి నుంచి ఒక రోజులో, లేదా ఒకే లావాదేవీలో, లేదా ఒకే శుభకార్యానికి సంబంధించి 2 లక్షల రూపాయలు, అంతకు మించి నగదు తీసుకోకూడదు. జరిమానా తీసుకున్నవారికి పడుతుంది, అదీ తీసుకున్నంత మొత్తం. పెళ్లికి కల్యాణ మండపం బుక్ చేసుకునేవారు దీన్ని గమనించాలి. మూడు వాయిదాల్లో ఇచ్చినా అవన్నీ ఒకే పెళ్లికి చెందినవే కాబట్టి కలిపే లెక్కిస్తారు.

క్రెడిట్ కార్డు గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. గడువులోగా మొత్తం బిల్లు కట్టేవారికి అది మంచి సాధనం: వస్తువు రాకపోయినా, మోసం జరిగినా, వివాదంలో ఉన్నది మీ పొదుపు కాదు, బ్యాంకు డబ్బు. కానీ బిల్లులో "కనీస మొత్తం" అని చిన్న అంకె ఒకటి కనిపిస్తుంది. అది కట్టేస్తే చాలనుకుంటే, మిగిలిన దానిపై నెలకు మూడు నుంచి మూడున్నర శాతం, అంతకన్నా ఎక్కువ కూడా, వడ్డీ పడుతుంది; కొత్తగా కొన్న వాటికీ గడువు సౌకర్యం పోతుంది. మన పల్లెల్లో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటేనే పెద్దవాళ్లు ఆలోచించి సంతకం పెట్టేవారు. ఇది నూటికి మూడున్నర రూపాయలు, సంతకం కూడా అక్కర్లేదు. ఆ కార్డుతో ఏటీఎంలో నగదు తీస్తే మొదటి రోజు నుంచే వడ్డీ, దానికి తోడు రుసుము. పూర్తి బిల్లు ప్రతి నెలా కట్టగలనన్న నమ్మకం లేనివారు ఆ కార్డును తీసుకోకపోవడమే మేలు.

తిరుమలకు వెళ్లే రోజు

బయలుదేరడానికి ముందే 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు, గదులు దేవస్థానం అధికారిక వెబ్‌సైటులో మాత్రమే బుక్ చేసుకోండి. అదే పేరుతో నకిలీ సైట్లు పుట్టుకొస్తూనే ఉంటాయి. చిరునామా చివర "డాట్ ఏపీ డాట్ జీవోవీ డాట్ ఇన్" అని ఉందో లేదో చూసిన తరువాతే డబ్బు కట్టండి. టికెట్టు ఇప్పిస్తామని వాట్సాప్‌లో ముందస్తు డబ్బు అడిగేవారికి ఒక్క రూపాయి కూడా పంపవద్దు. ఈ మోసంలో నష్టపోయేవారు ఎక్కువగా దూరప్రాంతాల నుంచి వచ్చే భక్తులు. వారికి ఈ మాట చెప్పవలసిన బాధ్యత ఈ ఊరివాళ్లుగా మనకుంది.

క్యూలోకి ఫోను అనుమతించరు, ముందే డిపాజిట్ కౌంటరులో ఇచ్చివేయాలి. కాబట్టి లోపలికి వెళ్లే ప్రతి పెద్దవారి దగ్గరా విడిగా కొంత నగదు ఉండాలి. ఒకరి దగ్గరే అంతా ఉంచితే, గుంపులో విడిపోయినప్పుడు మిగిలినవారు చేతిలో పైసా లేకుండా, ఫోను లేకుండా నిలబడవలసి వస్తుంది. హుండీలో వేయాలనుకున్నదాన్ని వేరుగా మూటగట్టుకోండి. అదనపు లడ్డూకు 50 రూపాయలు, దానికి సరిపడా చిల్లర పెట్టుకోండి. కల్యాణకట్టలో తలనీలాలు తీసినందుకు ఎవరికీ డబ్బు ఇవ్వనక్కర్లేదు, అది ఉచిత సేవ. కార్డును క్యూలోకి తీసుకువెళ్లేవారు దాన్ని లోపలి జేబులో పెట్టుకోండి, పిన్ రాసిన కాగితాన్ని దానితో కలిపి ఎన్నడూ ఉంచకండి.

ఇంట్లోని పెద్దలకు

స్మార్ట్‌ఫోను వాడలేని తల్లిదండ్రులకు బలవంతంగా యాప్ పెట్టి ఇవ్వకండి. బటన్ల ఫోను ఉన్నవారికి యూపీఐ 123పే అనే సదుపాయం 2022 నుంచి ఉంది, నేర్చుకోవాలనే ఆసక్తి ఉంటే దగ్గర కూర్చుని నేర్పండి. లేకపోతే పింఛను ఖాతాను ఏ యాప్‌కూ జోడించకుండా అలాగే ఉంచి, నెలకు సరిపడా నగదు తెచ్చి ఇవ్వండి. ఏటీఎం కార్డు ఎవరో కుర్రవాడి చేతికిచ్చి, పిన్ చెప్పి, డబ్బు తెప్పించుకునే పద్ధతిని మాత్రం మాన్పించాలి. పిన్ చెప్పిన తరువాత జరిగే నష్టం బ్యాంకుకు తెలియజేసే దాకా ఖాతాదారు మీదే పడుతుంది.

డబ్బు పోయిందని తెలిసిన క్షణంలో

మీ తప్పు లేకుండా, బయటివారి మోసం వల్ల ఖాతాలోంచి డబ్బు పోతే, బ్యాంకు సందేశం అందిన మూడు పని దినాల్లోగా తెలియజేసినవారికి నష్టం ఏమీ ఉండకూడదని 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. నాలుగు నుంచి ఏడు పని దినాల మధ్య చెబితే మామూలు పొదుపు ఖాతాదారు భరించవలసింది గరిష్ఠంగా 10,000 రూపాయలు. ఆ పైన బ్యాంకు విధానాన్ని బట్టి ఉంటుంది. ఈ గడువుల వల్లనే బ్యాంకు సందేశాలను చదవకుండా తుడిచివేయకూడదు.

మొదట యాప్‌లోనో, బ్యాంకు హెల్ప్‌లైన్‌కు ఫోను చేసో కార్డును, యూపీఐని ఆపివేయించండి. వెంటనే 1930కి ఫోను చేయండి. అది సైబర్ నేరాల జాతీయ సహాయ సంఖ్య. ఎంత త్వరగా చెబితే డబ్బు చేతులు మారే లోపు మధ్యలోని ఖాతాలో ఆపించే అవకాశం అంత ఎక్కువ. ఆ తరువాత శాఖకు వెళ్లి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. 30 రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా, బ్యాంకులపై ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండా ఫిర్యాదు చేయవచ్చు, వివరాలకు 14448.

పొరపాటున వేరే వ్యక్తికి పంపిన డబ్బు సంగతి వేరు. అవతలివారు ఒప్పుకోకపోతే బ్యాంకు దాన్ని తనంతట తాను వెనక్కి లాగలేదు. కాబట్టి కొత్త నంబరుకు పెద్ద మొత్తం పంపేటప్పుడు ముందు ఒక్క రూపాయి పంపి, అందిందని వారి నోట విన్న తరువాతే మిగిలింది పంపండి.

బ్యాంకు హెల్ప్‌లైన్ సంఖ్య, ఖాతా సంఖ్యలోని చివరి నాలుగు అంకెలు, 1930, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఇంట్లో అందరికీ తెలిసిన చోట పెట్టండి. వాటి అవసరం ఎక్కువగా ఫోను పోయినప్పుడే పడుతుంది.